బాగున్న బిడ్డకు రక్తపరీక్ష ఎందుకు?

రాయికోడ్ నుంచి హైదరాబాద్‌కు దాదాపు వంద కిలోమీటర్లు. అవయవ మార్పిడి జరిగిన బిడ్డ ఉన్న ఇంట్లో, పరీక్ష రోజున అందరూ చీకటితోనే లేవాలి. బిడ్డకు ముఖం కడిగి, ఇంత తినిపించి, బస్సెక్కించాలి. సంగారెడ్డి, పటాన్‌చెరు దాటి నగరంలో అడుగుపెట్టేసరికి ఎండ ఎక్కుతుంది. ఆ రోజు ఒక్క పని మాత్రం చేయకూడదు. పొద్దున వేయాల్సిన మాత్ర ఇంట్లో వేయకూడదు. సంచిలో పెట్టుకుని వెళ్లాలి. ఆసుపత్రిలో రక్తం తీశాకే వేయాలి.

ఇంట్లో పెద్దావిడ అడుగుతుంది. "పిలగాడు మంచిగనే ఉన్నడు గదా, మల్ల రక్తం ఎందుకు తీసుడు?"

ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. జ్వరం వస్తే పరీక్ష చేయించడం మనకు తెలుసు. ఆడుతూ పాడుతూ ఉన్న బిడ్డకు నెలనెలా పరీక్ష చేయించడం కొత్త. బస్సు ఖర్చు, పోయిన కూలి, బిడ్డ ఏడుపు, అన్నీ కళ్లముందు కనిపిస్తాయి. పరీక్ష వల్ల తప్పిపోయిన కీడు మాత్రం కనిపించదు. అందుకే దీన్ని మొదటినుంచీ నెమ్మదిగా చెప్పుకోవాలి.

పిల్లలకు కాలేయం (లివర్) మార్చాల్సి రావడానికి ప్రధాన కారణం బిలియరీ అట్రీసియా (పైత్యరసం పారే నాళాలు మూసుకుపోయే జబ్బు). కాలేయంలో తయారైన పైత్యరసం పేగులోకి దిగదు. అక్కడే నిలిచి కాలేయాన్ని లోపలినుంచి పాడు చేస్తుంది. బిడ్డ పుట్టిన రెండు వారాల తరువాత కూడా కామెర్లు తగ్గకపోతే, మలం సున్నంలా తెల్లగా వస్తుంటే, అది ఈ జబ్బు కావచ్చు. పసరు పోయించడానికి తిరిగే రోజులు అప్పుడు చాలా ఖరీదైనవి. ఎందుకంటే పైత్యరసానికి దారి చేసే కసాయ్ శస్త్రచికిత్స (పేగును నేరుగా కాలేయానికి కలిపే ఆపరేషన్) బిడ్డకు రెండు నెలలు నిండకముందే జరిగితే ఫలితం బాగుంటుంది. ఆలస్యమైనా, ఆ ఆపరేషన్ పనిచేయకపోయినా, మిగిలే దారి కాలేయ మార్పిడి.

ప్రపంచంలో మొదటి కాలేయ మార్పిడి జరిగింది ఇదే జబ్బున్న మూడేళ్ల బిడ్డకు. 1963లో అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్‌జల్ చేశారు. ఆ బిడ్డ దక్కలేదు. మన దేశంలో పిల్లలకు మొదటి విజయవంతమైన కాలేయ మార్పిడి 1998 నవంబరులో ఢిల్లీలో జరిగింది. కాంచీపురం నుంచి వెళ్లిన రెండేళ్లు నిండని బాబుకు తండ్రి తన కాలేయంలో కొంత ఇచ్చాడు. ఆ బాబు పెరిగి పెద్దవాడై డాక్టరయ్యాడు. మన దగ్గర 2024 జులైలో ఉస్మానియా ఆసుపత్రిలో ఖమ్మం జిల్లాకు చెందిన మూడేళ్ల బాలుడికి తల్లి కాలేయంలోని భాగాన్ని అమర్చారు. అతనిదీ బిలియరీ అట్రీసియానే. ఒకప్పుడు ఢిల్లీ, చెన్నై వెళ్లాల్సిన చికిత్స ఇప్పుడు హైదరాబాద్ ప్రభుత్వ ఆసుపత్రి దాకా వచ్చింది. అవయవ మార్పిడికి ఆరోగ్యశ్రీ ఉంది. ఆ పథకం పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. మరణించినవారి అవయవాలను అవసరమైనవారికి చేర్చే జీవన్‌దాన్ కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది.

దీని ఫలితం ఏమిటంటే, అవయవ మార్పిడి జరిగిన పిల్లలు ఇప్పుడు మండలాల్లోనూ, ఊళ్లలోనూ పెరుగుతున్నారు. ఆపరేషన్ నగరంలో ఒక రోజు జరుగుతుంది. ఆ తరువాతి జీవితమంతా ఊళ్లోనే. కాబట్టి తరువాత ఏం చూసుకోవాలన్నది ఆసుపత్రికి ఎంత తెలియాలో ఊరికీ అంత తెలియాలి.

మన ఒంట్లో కాపలా ఉంటుంది. బయటినుంచి వచ్చినదేదైనా అది గుర్తుపట్టి ఎదిరిస్తుంది. సూక్ష్మజీవిని ఎదిరించినట్టే, అమర్చిన కాలేయాన్నీ ఎదిరిస్తుంది. అది అమ్మ ఇచ్చిన కాలేయమే అని దానికి తెలియదు. అందుకే ఇమ్యునోసప్రెసెంట్లు (కాపలాను అణచి ఉంచే మందులు) వాడాలి. వాటిలో ముఖ్యమైనది టాక్రోలిమస్. జపాన్‌లోని త్సుకుబా ప్రాంతపు మట్టిలో దొరికిన ఒక బ్యాక్టీరియా నుంచి 1984లో దీన్ని కనుగొన్నారు. రక్తంలోని టి కణాలు (శత్రువును గుర్తించి చంపే తెల్ల రక్తకణాలు) ఒకదానికొకటి పంపుకునే పిలుపును ఈ మందు ఆపుతుంది. పిలుపు అందకపోతే దండు కదలదు. కొత్త కాలేయం క్షేమంగా ఉంటుంది.

అయితే ఆ టి కణాలు మరో పని కూడా చేస్తుంటాయి. మన ఒంట్లో ఇప్పటికే నిద్రపోతున్న వైరస్‌లను లేవకుండా చూస్తుంటాయి. అవి చేతులు ముడుచుకుంటే ఆ వైరస్‌లు లేస్తాయి. ఈ వ్యాసంలోని విషయమంతా ఈ ఒక్క చోట పుట్టిందే.

నిద్రపోయే వైరస్‌లు అంటే హెర్పిస్ కుటుంబం. ఆటలమ్మ (చికెన్‌పాక్స్) వైరస్ ఆ కుటుంబంలోదే. ఎప్‌స్టీన్-బార్ వైరస్, సైటోమెగలో వైరస్ కూడా అందులోవే. ఈ కుటుంబానికి ఒక గుణం ఉంది. ఒకసారి ఒంట్లో చేరితే మళ్లీ పోవు. జబ్బు తగ్గుతుంది, వైరస్ మాత్రం ఎక్కడో ఒక కణంలో అణగి బతికినంతకాలం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవారికి దానివల్ల ఇబ్బంది లేదు.

పిల్లల విషయంలో అన్నింటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ఎప్‌స్టీన్-బార్ వైరస్‌ను. డాక్టర్లు ఈబీవీ అంటారు. 1964లో లండన్‌లో ఆంథొనీ ఎప్‌స్టీన్, ఇవాన్ బార్, బర్ట్ అచాంగ్ దీన్ని కనుగొన్నారు. ఆఫ్రికాలోని ఉగాండా పిల్లల దవడల్లో వచ్చే ఒక కణితి నుంచి తీసిన ముక్కలో అది దొరికింది. మనిషిలో క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌లలో మొదట దొరికింది ఇదే. అలా అని బెదరాల్సిన పని లేదు. ప్రపంచంలో వందమంది పెద్దవాళ్లలో తొంభైమందికి పైగా ఈ వైరస్ ఉంది. ఈ వ్యాసం చదువుతున్న మీలోనూ ఉండే ఉంటుంది. ఉమ్మి ద్వారా వస్తుంది. అమ్మ గోరుముద్ద కొరికి పెట్టినప్పుడు, అన్న తాగిన గ్లాసులో చెల్లి తాగినప్పుడు వస్తుంది. మన ఇళ్లలో చాలామందికి బడికి పోయే వయసుకు ముందే వచ్చేస్తుంది. చిన్న జ్వరంలా వచ్చి పోతుంది. ఎవరూ గమనించరు కూడా.

ఇప్పుడు ఏడాది వయసు బిడ్డను తీసుకోండి. అమ్మ కాలేయం ఇస్తోంది. అమ్మకు ఈబీవీ ఎప్పుడో వచ్చింది. అది ఆమె బి కణాల్లో (వ్యాధులను ఎదిరించే ప్రతిరక్షకాలను తయారుచేసే తెల్ల రక్తకణాలు) నిద్రలో ఉంది. కాలేయం ముక్కతో పాటు కొన్ని బి కణాలు వస్తాయి. వాటితో వైరస్ వస్తుంది. బిడ్డకు ఆ వైరస్ అంతకుముందు తెలియదు. తెలియని శత్రువును గుర్తుపట్టడానికి ఒంటికి కొంత సమయం కావాలి. సరిగ్గా ఆ సమయంలోనే టాక్రోలిమస్ మోతాదు ఎక్కువగా ఉంటుంది. వైరస్ బి కణాలను విడిపోతూ పెరిగిపొమ్మని తోస్తుంది. ఆపాల్సిన టి కణాలు కదలలేవు.

పెద్దవాళ్లకు మార్పిడి జరిగినప్పుడు ఈ చిక్కు తక్కువ. వారికి ఆ వైరస్‌తో పాత పరిచయం ఉంది. పిల్లలకే ఎక్కువ, అందులోనూ పసివాళ్లకు మరీ ఎక్కువ. ఇందులో కాలేయం ఇచ్చిన తల్లిదండ్రుల దోషం ఏమీ లేదు. ఎవరి కాలేయం తెచ్చినా దాదాపు ఇంతే. తన వల్లే బిడ్డకు ఇది వచ్చిందేమో అని కుమిలే తల్లికి ఈ మాట ఎవరో ఒకరు చెప్పి తీరాలి.

అందుకే ఆపరేషన్‌కు ముందే ఇచ్చేవారి రక్తం, బిడ్డ రక్తం పరీక్షిస్తారు. ఈబీవీకి ప్రతిరక్షకాలు ఉన్నాయా లేవా చూస్తారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఏడాది లోపు బిడ్డ రక్తంలో కనిపించే ప్రతిరక్షకాలు బిడ్డవి కాకపోవచ్చు. గర్భంలో ఉన్నప్పుడు అమ్మ నుంచి వచ్చినవి కావచ్చు. ఇతరుల రక్తం ఎక్కించి ఉంటే దాతవి కూడా కావచ్చు. పరీక్షలో "ఉంది" అని వచ్చినా బిడ్డకు రక్షణ ఉందని నమ్మలేం. అందుకని అంత చిన్న పిల్లలను రక్షణ లేనివాళ్లుగానే లెక్కించి గమనిస్తారు.

బి కణాలు అదుపు తప్పి పెరిగితే వచ్చే జబ్బు పేరు పీటీఎల్‌డీ (మార్పిడి తరువాత లింఫు కణాలు గుంపుగా పెరిగిపోయే జబ్బు). ఇది ఒక మెట్టు మీద ఆగేది కాదు. మొదట్లో గొంతు గ్రంథులు ఉబ్బడం వరకే ఉండవచ్చు. ముదిరితే లింఫోమా అనే క్యాన్సర్ అవుతుంది. మార్పిడి జరిగిన పిల్లలందరికీ ఇది రాదు, కొద్దిమందికే వస్తుంది. మొదటి ఏడాదిలో ముప్పు ఎక్కువ. చిన్నపేగు మార్పిడిలో చాలా ఎక్కువ. కాలేయం, కిడ్నీ మార్పిడిలో తక్కువ. కానీ వచ్చాక పట్టుకోవడానికీ, రాకముందే పట్టుకోవడానికీ చికిత్సలో ఉన్న తేడా చాలా పెద్దది.

రాకముందు పట్టుకోవడం ఎలా? రక్తంలో వైరస్ ఎంత ఉందో లెక్కపెట్టాలి. ఆ పరీక్ష పీసీఆర్. కరోనా కాలంలో ఈ మాట ఊరూరా తెలిసింది. ముక్కులోంచి పుల్లతో తీసి చేసిన పరీక్ష అదే జాతిది. సీటీ విలువ తక్కువుంటే వైరస్ ఎక్కువ అని అప్పట్లో టీకొట్టు దగ్గర కూడా చెప్పుకున్నారు. ఇక్కడ ముక్కు బదులు రక్తం. అవునా కాదా అని కాకుండా, ఒక మిల్లీలీటరు రక్తంలో వైరస్ ప్రతులు ఎన్ని అని అంకె చెప్తారు. బిడ్డకు జ్వరం రాకముందే, గ్రంథి ఉబ్బకముందే ఈ అంకె పెరగడం మొదలవుతుంది. అందుకే బాగున్న బిడ్డకు కూడా పరీక్ష.

ఎన్నిసార్లు? ఆసుపత్రిని బట్టి, అవయవాన్ని బట్టి మారుతుంది. సాధారణంగా మొదటి మూడు నెలలు వారానికో, రెండు వారాలకో ఒకసారి. ఏడాది నిండేదాకా నెలకోసారి. ఆ తరువాత మూడు నెలలకోసారి. మందు మోతాదు పెంచాల్సి వచ్చినప్పుడల్లా మళ్లీ దగ్గర దగ్గరగా.

అంకెను చదవడంలో మూడు విషయాలు తల్లిదండ్రులు తెలుసుకోవాలి.

ఒకటి, ఒక్క అంకెను చూసి ఏదీ తేల్చలేం. 1,000 ఉన్నది మరుసటి నెల 2,000 అయితే రెట్టింపైందని గుండె బాదుకోనక్కర్లేదు. మూడు రెట్ల లోపు తేడా పరీక్షలో సహజంగా ఉండే ఊగిసలాటే. 1,000 కాస్తా 10,000 అయి, తరువాత లక్ష అయితే అది మెట్లెక్కుతోందని అర్థం. డాక్టరు చూసేది ఆ మెట్లనే.

రెండోది ఇంకా ముఖ్యం. పరీక్ష ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించాలి. కొన్నిచోట్ల మొత్తం రక్తంతో చేస్తారు. కొన్నిచోట్ల ప్లాస్మా (కణాలు తీసేసిన రక్తపు నీరు) తీసి చేస్తారు. ఈబీవీ కణాల్లోనే ఎక్కువగా దాక్కుంటుంది కాబట్టి రెండు అంకెలు ఒకేలా రావు. ఈ గందరగోళం తగ్గించడానికే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సైటోమెగలో వైరస్‌కు, 2011లో ఈబీవీకి ప్రామాణిక కొలతలు పెట్టింది. అయినా ల్యాబుకూ ల్యాబుకూ తేడా పూర్తిగా పోలేదు. ఈసారి దగ్గరని ఒకచోట, వచ్చేసారి చవకని మరొకచోట చేయిస్తే ఆ కాగితాలను పక్కపక్కన పెట్టి పోల్చలేం. ఒకే తక్కెడలో తూచిన బియ్యానికే లెక్క కుదురుతుంది.

మూడోది, అంకె ఎక్కువున్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. కొందరు పిల్లల్లో నెలల తరబడి, ఏళ్ల తరబడి కూడా అంకె ఎత్తులోనే ఉంటుంది. పిల్లలు మామూలుగానే తిరుగుతుంటారు. అలాంటివాళ్లను డాక్టర్లు మరింత దగ్గరగా గమనిస్తారు. తక్కువ అంకెతో జబ్బు రావడం కూడా, అరుదుగానైనా, ఉంది. అంటే పరీక్ష చేయించాం కదా అని బిడ్డను చూడటం మానకూడదు. మెడలో, చంకలో గడ్డలు. కారణం తెలియని జ్వరం. కొత్తగా మొదలైన గురక. నోటితో గాలి పీల్చడం. పాలిపోవడం. బరువు తగ్గడం. ఆగని విరేచనాలు, మలంలో రక్తం. వీటిని ఇంట్లో అమ్మే ముందు కనిపెడుతుంది, ఏ యంత్రమూ కాదు. గురక మొదలైందని చెప్పడానికి కొందరు మొహమాటపడతారు. అది చిన్న సంగతి అనుకుంటారు. గొంతులోని టాన్సిల్స్ పెరిగాయనడానికి అదే మొదటి గుర్తు కావచ్చు.

అంకె మెట్లెక్కుతోందని తేలితే ఏం చేస్తారు? చాలామంది కొత్త మందు ఇస్తారనుకుంటారు. నిజానికి మొదట చేసేది ఉన్న మందును తగ్గించడం. టాక్రోలిమస్ మోతాదు కొంచెం దించితే టి కణాలు కళ్లు తెరుస్తాయి. వైరస్‌తో నిండిన బి కణాలను అవే వెతికి చంపుతాయి. 1984లో స్టార్‌జల్ బృందం లాన్సెట్ పత్రికలో ఒక సంగతి ప్రకటించింది. మార్పిడి తరువాత వచ్చిన కణుతులు కొందరిలో కాపలాను అణచే మందు తగ్గించగానే కరిగిపోయాయి. క్యాన్సర్‌లాంటి గడ్డ మందు తగ్గిస్తే కరగడం అప్పటికి వింత. నేటి చికిత్సకు పునాది అదే.

అయితే మందు తగ్గిస్తే రెండో వైపు ప్రమాదం పొంచి ఉంటుంది. టి కణాలు వైరస్‌తో పాటు కొత్త కాలేయం మీదికీ వెళ్లవచ్చు. దాన్ని తిరస్కరణ అంటారు. అందుకే మోతాదు దించిన వారం నుంచే కాలేయ ఎంజైముల (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగేవి) పరీక్ష కూడా చేస్తారు. వైరస్ అంకె ఒక పళ్లెంలో, కాలేయ ఎంజైములు ఇంకో పళ్లెంలో, మధ్యలో టాక్రోలిమస్. డాక్టరు చేసే పనంతా ఆ ముల్లును నిలబెట్టడమే. మూడింటిలో ఏ ఒక్క అంకె లేకపోయినా ఆయన గుడ్డిగా మోతాదు మార్చాల్సి వస్తుంది. పరీక్ష తప్పిపోవడంలో అసలు నష్టం ఇదే. ఇంట్లోవాళ్లు సొంతంగా మాత్ర తగ్గించకూడదని గట్టిగా చెప్పడమూ ఇందుకే. మందు తగ్గింపే చికిత్స అని చదివి ఎవరూ ఆ పని చేయవద్దు.

మందు తగ్గించినా గడ్డలు కరగకపోతే ముక్క తీసి పరీక్షిస్తారు. రిటుక్సిమాబ్ (బి కణాలను గురిపెట్టి తొలగించే ఇంజెక్షన్) ఇస్తారు. అదీ చాలకపోతే కీమోథెరపీ. ప్రతి మెట్టూ ముందటిదాని కన్నా బరువైనది. బిడ్డకూ, ఇంటికీ.

ఇప్పుడు మొదట్లో చెప్పిన పొద్దుటి మాత్ర సంగతికి వద్దాం. టాక్రోలిమస్ రక్తంలో రోజంతా ఒకే స్థాయిలో ఉండదు. మింగిన గంట, రెండు గంటలకు పైకి లేచి క్రమంగా దిగుతుంది. డాక్టరుకు కావాల్సింది అది అట్టడుగున ఉన్నప్పటి అంకె. అంటే రాత్రి మాత్ర వేసి పన్నెండు గంటలు గడిచాక, పొద్దుటి మాత్ర వేయకముందు. ఇంట్లోనే మాత్ర వేసి బయలుదేరితే రక్తంలో మందు ఎక్కువ కనిపిస్తుంది. అది నమ్మి మోతాదు తగ్గిస్తే తిరస్కరణకు దారి తీయవచ్చు. వంద కిలోమీటర్లు ప్రయాణం చేసి తెచ్చిన అంకె తప్పుదారి పట్టించకూడదు కదా.

సైటోమెగలో వైరస్ గురించి ఇంత చెప్పనక్కర్లేదు. డాక్టర్లు సీఎంవీ అంటారు. ఇది సోకిన కణాలు ఉబ్బి పెద్దవవుతాయి. పేరుకు అర్థం కూడా అదే. మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు అందరికీ ఉంది. ఇదీ దాత నుంచి బిడ్డకు వస్తుంది. జ్వరం, తెల్ల రక్తకణాలు తగ్గడం, విరేచనాలు, కాలేయం వాపు దీని పనులు. ఈబీవీకి లేని సౌకర్యం దీనికి ఉంది. దీన్ని నేరుగా కొట్టే మందు ఉంది. వాల్‌గాన్‌సైక్లోవిర్ నోటితో ఇస్తారు. కొన్ని ఆసుపత్రులు మొదటి మూడు నుంచి ఆరు నెలలు అందరికీ ముందుజాగ్రత్తగా ఇస్తాయి. కొన్ని వారం వారం పీసీఆర్ చేసి, అంకె కనిపించినప్పుడే మొదలుపెడతాయి. రెండూ సరైన పద్ధతులే. ముందుజాగ్రత్త మందు ఆపిన తరువాతి నెలల్లో వైరస్ లేచే అవకాశం ఉంది. మందు అయిపోయింది, ఇక పరీక్ష ఎందుకు అనుకునే సమయం అదే. అప్పుడే పరీక్ష కావాలి. ఈ మందు తెల్ల రక్తకణాలనూ తగ్గిస్తుంది కాబట్టి వాడుతున్నంతకాలం రక్తకణాల లెక్కా చూస్తారు.

కిడ్నీ మార్పిడి జరిగిన పిల్లలకు మరొకటి ఉంది, బీకే వైరస్. 1971లో లండన్‌లో కిడ్నీ మార్పిడి జరిగిన ఒక రోగి మూత్రంలో దొరికింది. ఆ రోగి పేరులోని పొడి అక్షరాలే వైరస్‌కు పేరయ్యాయి. ఇదీ చిన్నప్పుడే సోకి కిడ్నీలో నిద్రపోతుంది. లేస్తే కొత్త కిడ్నీ కణాలను లోపలినుంచి తింటుంది. జ్వరం ఉండదు, నొప్పి ఉండదు. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరును చెప్పే రక్తపరీక్ష అంకె) పెరిగి తెలిసేసరికి కిడ్నీ కొంత పోయి ఉంటుంది. దీనికి నిక్కచ్చిగా పనిచేసే మందు ఇప్పటికీ లేదు. రక్తంలో ముందుగా పట్టుకుని, కాపలా మందు తగ్గించడమే దారి. లక్షణం ఏదీ లేకుండానే అవయవాన్ని తీసుకుపోయే వైరస్ ఇది. బాగున్నప్పుడు పరీక్ష ఎందుకు అనే ప్రశ్నకు ఇంతకన్నా గట్టి సమాధానం నాకు తెలియదు.

ఇక ఊరి సంగతులు. ఇవి వైద్య పుస్తకాల్లో అంత వివరంగా ఉండవు.

బిడ్డకు జ్వరం వస్తే రాత్రిపూట దగ్గరగా దొరికేది ఆర్‌ఎంపీ. ఆయన ఇచ్చే మామూలు మందులే ఇక్కడ ముల్లును ఒకవైపు వంచేస్తాయి. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ యాంటిబయాటిక్‌లు, ఫ్లుకోనజోల్ అనే ఫంగస్ మందు టాక్రోలిమస్‌ను రక్తంలో పెంచేస్తాయి. అప్పుడు కాపలా మరీ పడుకుంటుంది, వైరస్ లేస్తుంది. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటాయిన్ దాన్ని తగ్గిస్తాయి. అప్పుడు తిరస్కరణ వస్తుంది. ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు కిడ్నీ మీద భారం వేస్తాయి. పంపరపనస తిన్నా మందు స్థాయి పెరుగుతుంది. విరేచనాలు పట్టుకున్నా పెరుగుతుంది. పసరు మందుల్లో ఏముందో ఎవరూ చెప్పలేరు కాబట్టి వాటికి పూర్తిగా దూరంగా ఉండాలి. బిడ్డ వాడే మందుల పేర్లు, ఆసుపత్రి ఫోన్ నంబరు ఒక కాగితం మీద తెలుగులో రాయించి గోడకు అంటించుకోవాలి. ఆర్‌ఎంపీకి, ఆశా కార్యకర్తకు, బడి పంతులుకు ఒక్కో నకలు ఇవ్వాలి. ఆర్‌ఎంపీని తప్పించుకోవడం ఊళ్లో సాధ్యం కాదు. ఆయనకు విషయం తెలియజేయడం సాధ్యమే.

వాడకట్టులో ఎవరికైనా అమ్మవారు పోసిందని తెలిస్తే ఆగకూడదు. ఆ పిల్లలతో మన బిడ్డ ఆడుకుని ఉంటే, ఒంటి మీద పొక్కు కనిపించకముందే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. మొదటి నాలుగు రోజుల్లో ఎంత తొందరగా చెబితే అంత మేలు. అప్పుడు రక్షణ కల్పించే ఇంజెక్షనో, మందో ఇవ్వగలుగుతారు. వేపాకు కట్టుకోవడం, సల్ల పోసుకోవడం ఎవరి నమ్మకం వారిది. ఫోన్ మాత్రం ఆ రోజే చేయాలి. మామూలు పిల్లల్లో వారంలో ఎండిపోయే ఆటలమ్మ ఈ పిల్లల్లో ఊపిరితిత్తులకు, కాలేయానికి పాకగలదు.

పోలియో చుక్కల సంగతీ అంతే ముఖ్యం. చుక్కల మందులో బలహీనపరిచిన, కానీ బతికున్న వైరస్ ఉంటుంది. మార్పిడి జరిగిన బిడ్డకు ఆ చుక్కలు వేయకూడదు. అదే ఇంట్లో ఉన్న చిన్న తమ్ముడికీ, చెల్లికీ వేయకూడదు. వేసిన బిడ్డ మలంలో ఆ వైరస్ కొన్ని వారాలు బయటికి వస్తుంది. వారికి ఇంజెక్షన్ రూపంలోని పోలియో టీకా ఉంది. పల్స్ పోలియో ఆదివారం నాడు ఇంటింటికీ వచ్చే ఆశా, అంగన్‌వాడీ వాళ్లకు ఈ మాట ముందే చెప్పి ఉంచాలి. తట్టు, ఆటలమ్మ టీకాలూ బతికున్న వైరస్‌వే. వాటిని వీలైతే ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందే బిడ్డకు పూర్తి చేయిస్తారు. ఇంట్లోని మిగతా పిల్లలకు తట్టు టీకా వేయించడంలో మాత్రం ప్రమాదం లేదు. వేయించడమే మంచిది, వాళ్లకు తట్టు రాకపోతే వాళ్ల నుంచి ఈ బిడ్డకూ రాదు.

ఇదంతా చెప్పాక ఆ వంద కిలోమీటర్ల సంగతి మిగిలే ఉంది. మొదటి ఏడాదిలో ఒక బిడ్డకు ఇరవై సార్లకు పైగానే రక్తం తీయాల్సి రావచ్చు. ప్రతిసారీ తల్లి గానీ తండ్రి గానీ ఒక రోజు పని మానుకోవాలి. పత్తి ఏరే రోజుల్లో, చెరకు నరికే రోజుల్లో ఆ రోజు చాలా విలువైనది. పరీక్ష తప్పించిన తల్లిదండ్రులను నిర్లక్ష్యపరులని తిట్టడం సులువు. అది అన్యాయం అని నా అభిప్రాయం. ప్రాణం నిలబెట్టే ఆపరేషన్‌కు లక్షలు సమకూర్చిన సమాజం బస్సు ఛార్జీల దగ్గర ఆగిపోకూడదు.

ఇందులో చేయగలిగిన పని ఒకటి ఉంది. ప్రతిసారీ డాక్టరును చూడాల్సిన అవసరం లేదు. చాలాసార్లు కావాల్సింది రక్తం మాత్రమే. టాక్రోలిమస్ పరీక్షకు, వైరస్ పరీక్షకు తీసిన రక్తం చల్లగా ఉంచితే ఒకటి రెండు రోజులు చెడదు. సంగారెడ్డిలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. అక్కడ గానీ, జహీరాబాద్ ఏరియా ఆసుపత్రిలో గానీ పొద్దున్నే రక్తం తీసి, చల్లటి పెట్టెలో మార్పిడి చేసిన ఆసుపత్రి ల్యాబుకే పంపవచ్చు. ల్యాబు మారదు, అంకెలు కలుస్తాయి. ఫలితం చూసి డాక్టరు ఫోన్‌లో మోతాదు చెప్పవచ్చు. మూడు నెలలకోసారి స్వయంగా చూస్తే సరిపోయే బిడ్డలకు ఇది చాలు. కరోనా కాలంలో నమూనాలు జిల్లాల నుంచి హైదరాబాద్‌కు రోజూ ప్రయాణం చేశాయి. ఆ దారి మనకు తెలిసినదే. జిల్లా వైద్యాధికారులు, ఆరోగ్యశ్రీ ట్రస్టు, మార్పిడి చేసే ఆసుపత్రులు కూర్చుని మాట్లాడుకుని ఈ పిల్లల కోసం ఆ ఏర్పాటు చేయాలి.

అది జరిగేదాకా, పరీక్ష తేదీ వచ్చిన రోజు బిడ్డ ఎంత బాగున్నా సరే, దయచేసి బస్సెక్కండి.